బెంగళూరులో పోలీసు బండెక్కి ఒక రాత్రి: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరు పోలీసుల గస్తీ బండ్లను ‘హొయ్సళ’ అంటారు. కన్నడ దేశాన్ని ఏలిన రాజవంశం పేరది. రాత్రిళ్లు పనిచేసేవాళ్ల గురించి రాసే పనిలో భాగంగా, పై అధికారుల అనుమతితో నేను ఆ బండిలో కూర్చుని తెల్లవార్లూ తిరిగాను. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి ఇక్కడి తెలుగువాళ్లు అడుగుతూనే ఉన్నారు. జర్నలిజం చదివే పిల్లలు, న్యాయ విద్యార్థులు, కథలు రాసుకునేవాళ్లు, మారతహళ్లి పీజీల్లో, అంటే నెలకింత కట్టి ఉండే వసతి గృహాల్లో ఉండే కుర్రాళ్లు, ఊళ్లో ఉండి కూతురి గురించి బెంగపడే తల్లులు. అందరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాయడం మేలనిపించింది. నేను చూసిన మనుషుల వివరాలను ఎవరూ గుర్తుపట్టకుండా మార్చాను. చట్టం గురించి చెప్పినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

మామూలు పౌరులు పోలీసులతో కలిసి ఒక రాత్రి గస్తీ తిరగవచ్చా?

హక్కుగా అయితే తిరగలేరు. అమెరికాలో చాలా ఊళ్ల పోలీసు శాఖలు దీనికోసం ఒక ఏర్పాటు పెట్టుకున్నాయి. ఫారం నింపి, ఏదైనా జరిగితే శాఖను బాధ్యుల్ని చేయనని సంతకం పెట్టి, నేరచరిత్ర లేదని తేలాక బండి ఎక్కవచ్చు. అక్కడున్న మన బంధువులు చెప్పింది విని ఇక్కడా అలాగే ఉంటుందని చాలామంది అనుకుంటున్నారు. మన దగ్గర అలాంటి పద్ధతి వాడుకలో లేదు. అనుమతి కోరవచ్చు, అంతే. ఇవ్వడం, ఇవ్వకపోవడం అధికారి విచక్షణ. ప్రయోజనం స్పష్టంగా ఉన్న విలేకరులు, పరిశోధకులు, విద్యార్థుల అభ్యర్థనకు కొంత మన్నన ఉంటుంది. సరదాగా చూస్తానంటే ఎవరూ ఎక్కించుకోరు, ఎక్కించుకోకూడదు కూడా.

ఒక్క విషయం గట్టిగా చెబుతాను. “మాకు తెలిసిన ఎస్సై ఉన్నారు, ఆయన ఎక్కించుకుంటారు” అనే దారిలో వెళ్లకండి. దారిలో మీకు చిన్న దెబ్బ తగిలినా శాఖాపరమైన విచారణ ఎదుర్కోవలసింది ఆయనే. మీ ముచ్చట కోసం ఒక మనిషి ఉద్యోగాన్ని పణంగా పెట్టడం న్యాయం కాదు.

అనుమతి ఎవరిని అడగాలి? లేఖలో ఏం రాయాలి?

ఇన్‌ఫాంట్రీ రోడ్డులోని పోలీసు కమిషనర్ కార్యాలయానికి గానీ, మీరు చూడదలచిన ప్రాంతపు డిప్యూటీ కమిషనర్‌కు (డీసీపీకి) గానీ లేఖ రాయాలి. స్టేషన్ ఇన్‌స్పెక్టర్‌ను అడిగితే ఆయన కూడా పైకే పంపుతారు.

లేఖ ఒక పేజీ దాటకూడదు. మీరెవరు, ఎందుకు చూడాలనుకుంటున్నారు, ఏ స్టేషన్ పరిధి, ఏ తేదీలు వీలవుతాయి అన్నవి రాయండి. అన్నిటికన్నా ముఖ్యం, చూసినదాన్ని ఏం చేస్తారో రాయండి. ఎవరి పేరూ బయట పెట్టనని, ఫోటోలు తీయనని మీ అంతట మీరే హామీ ఇవ్వండి. గుర్తింపు కార్డు నకలు, కాలేజీ లేదా పత్రిక ఇచ్చిన పత్రం జత చేయండి. లేఖ కన్నడంలో ఉంటే మంచిది. రాయడం రాకపోతే తెలిసినవారి చేత రాయించుకోండి. ఇక్కడ ఉంటూ ఇక్కడి భాషలో అడగడం మర్యాద.

జవాబుకు తొందరపెట్టవద్దు. ఎన్నికలు, పండుగలు, పెద్ద నాయకుల రాకలు ఉన్న రోజుల్లో మీ లేఖ చూసే తీరిక వాళ్లకు ఉండదు.

అనుమతి రాకపోతే వేరే దారి ఉందా?

ఉంది. నిజానికి ఎక్కువమందికి నేను చెప్పేది అదే. ఒక రాత్రి చూసి వచ్చేయడం కాకుండా పోలీసుల పనిలో నిజంగా చేయి కలపాలనుంటే బెంగళూరులో తలుపులు తెరిచే ఉన్నాయి. హోంగార్డుగా చేరవచ్చు. ట్రాఫిక్ వార్డెన్ సంస్థలో ఉద్యోగస్తులు కూడా స్వచ్ఛందంగా చేరి, శిక్షణ తీసుకొని, కూడళ్లలో ట్రాఫిక్ పోలీసుల పక్కన నిలబడి పనిచేస్తారు. సివిల్ డిఫెన్స్ వార్డెన్లు కూడా ఉన్నారు. పిల్లల కోసం కర్ణాటక పోలీసులు ‘తెరెద మనె’ పేరుతో బడిపిల్లలను స్టేషన్‌కు పిలిచి పని ఎలా జరుగుతుందో చూపిస్తారు. నెలకొకసారి జనసంపర్క సభలు పెడతారు. వాటికి ఎవరైనా వెళ్లి తమ వీధి సమస్య చెప్పుకోవచ్చు. మన తెలుగువాళ్లు ఈ సభలకు వెళ్లేది తక్కువ. పదేళ్లుగా ఒకే వీధిలో ఉంటూ స్టేషన్ ఎక్కడుందో తెలియనివాళ్లు ఎందరో.

బండిలో ఎవరుంటారు? పని ఎలా నడుస్తుంది?

నేను చూసిన బండిలో ఒక ఏఎస్సై, డ్రైవరుగా ఒక కానిస్టేబులు. ముందు సీట్లో వైర్‌లెస్ సెట్టు, దాని పక్కన ఒక ట్యాబ్. ఎవరైనా 112కు ఫోన్ చేస్తే అది ముందు కంట్రోల్ రూముకు వెళుతుంది. అక్కడ కూర్చున్నవాళ్లు సంగతి, చోటు రాసుకుని దగ్గరలో ఉన్న హొయ్సళకు పంపుతారు. ట్యాబ్ మోగుతుంది. తెర మీద ఫోన్ చేసినవారి నంబరు, చోటు, రెండు ముక్కల్లో సంగతి కనిపిస్తాయి. ఏఎస్సై అందుకున్నట్టు నొక్కుతారు, చేరాక చేరినట్టు నొక్కుతారు, పని అయ్యాక ఏం జరిగిందో రాసి ముగిస్తారు. ఎంతసేపట్లో చేరారో అంతా నమోదవుతుంది.

వినడానికి ఇది తేలిక. రాత్రి పన్నెండున్నరకు బెళ్లందూరు సందుల్లో అది ఎంత కష్టమో చూడాలి. తెర మీది చుక్క ఒకచోట చూపిస్తుంది, మనిషి ఇంకోచోట ఉంటాడు. ఒకే పేరుతో మూడు పీజీలు ఉంటాయి. “క్రాస్ ఎంత? మెయిన్ ఎంత? ఎదురుగా ఏముంది?” అని ఏఎస్సై ఫోనులో అడుగుతుంటే అవతల పిల్లవాడు భయంతో “రోడ్డు మీదే ఉన్నాను సార్” అంటాడు తప్ప ఇంకేమీ చెప్పలేడు. అందుకే చెబుతున్నాను. మీరుండే వీధి క్రాస్ (అడ్డ వీధి) నంబరు, మెయిన్ (పెద్ద వీధి) నంబరు, దగ్గరలో ఉన్న గుడో మెడికల్ షాపో ఈ రోజే కంఠతా పట్టండి. మీ గది తలుపు వెనక కాగితం మీద రాసి అంటించండి.

రాత్రంతా దొంగల వెంట పరుగులే ఉంటాయా?

ఉండవు. గస్తీ గురించి ఊహించుకున్నదానికి, చూసినదానికి ఇక్కడే అన్నిటికన్నా ఎక్కువ తేడా. తెల్లవార్లూ వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం గొడవలు, గోలలు, దిక్కుతోచని మనుషులు. పక్కింటివాళ్లు పాటలు పెట్టారని ఫోను. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 సంవత్సరపు శబ్ద నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయి. బండి ఆపిన చోటి గురించి తగాదా. తాగి మెట్ల మీద పడిపోయిన మనిషి. ఇంటి నుంచి బయటికి వెళ్లి దారి మరిచిపోయిన ముసలాయన. మొగుడూ పెళ్లాల గొడవ విని భరించలేక పైవాటావాళ్లు చేసిన ఫోను. అర్ధరాత్రి అంకమ్మ శివాలన్నీ ఆ ట్యాబ్‌లోకే వస్తాయి.

ఒకటి దగ్గరగా చూశాను. ఒంటిగంట దాటాక పీజీ గేటు బయట పేవ్‌మెంటు మీద సూట్‌కేసు పెట్టుకుని నెల్లూరు వైపు కుర్రవాడు నిలబడి ఉన్నాడు. ఉద్యోగం పోయి అద్దె బాకీ పడ్డాడు. యజమాని గదికి తాళం వేశాడు. లోపల ల్యాప్‌టాప్, సర్టిఫికెట్లు. యజమాని కూడా మనవాడే, అనంతపురం వైపు. ఇద్దరూ ఒకేసారి అరుస్తున్నారు.

ఏఎస్సై బండి దిగి, టోపీ తీసి చంకలో పెట్టుకుని, ముందు కుర్రవాడితో అన్నారు: “ఏం బాబూ, అన్నం తిన్నావా?”

అరుపులు ఆగిపోయాయి. తినలేదు. తరువాత యజమాని వైపు తిరిగి తెలుగులోనే, గొంతు పెంచకుండా, “బాకీ సంగతి నేను తేల్చను, అది నా పని కాదు. పిల్లవాడి సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చునే హక్కు మాత్రం మీకు లేదు. తెచ్చి ఇవ్వండి” అన్నారు. యజమాని గునిశాడు. ఏఎస్సై కదల్లేదు, మాట మార్చలేదు. అరగంట పైన పట్టింది. చివరికి బ్యాగు బయటికి వచ్చింది. ల్యాప్‌టాప్ ఉందా, చార్జర్ ఉందా, పదో తరగతి మార్కుల కాగితం ఉందా అని ఒక్కొక్కటీ బండి బానెట్ మీద పరిచి కుర్రవాడి చేత చూపించుకున్నారు. పక్క వీధిలో ఉన్న స్నేహితుడికి ఫోన్ చేయించి, అతను వచ్చేదాకా బండి కదపలేదు. “ఉదయం పది గంటలకు ఇద్దరూ స్టేషన్‌కు రండి, అర్జీ రాసి ఇవ్వండి” అని చెప్పి ట్యాబ్‌లో రెండు వాక్యాలు రాసి ముగించారు.

ఆ రెండు వాక్యాలు చదివినవారికి అక్కడ ఏమీ జరగలేదనే అనిపిస్తుంది. చిలికి చిలికి గాలివాన అయ్యే గొడవ ఒకటి అక్కడితో ఆగింది. గస్తీ అంటే ప్రధానంగా ఇదేనని నా నమ్మకం. సమయానికి చేరడం, ఎదుటి మనిషిని మాట్లాడనివ్వడం, చేయి చేసుకునే దాకా రానివ్వకపోవడం. దీనికి పతకాలు ఉండవు, పత్రికల్లో వార్త రాదు.

పీజీల్లో ఉండే పిల్లలకు ఒక మాట. అడ్వాన్సు ఇచ్చేటప్పుడే రసీదు తీసుకోండి. ఆ డబ్బు తిరిగి రాబట్టే అధికారం పోలీసులకు లేదు. అది సివిల్ వ్యవహారం. బెదిరించినా, కొట్టినా, సామాను ఆపినా అప్పుడు వాళ్లు రాగలరు.

భయంకరమైన దృశ్యాలు చూడవలసి వస్తుందా?

రావచ్చు. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల మధ్య ఔటర్ రింగ్ రోడ్డు మీద ప్రమాదాల కబురు వస్తుంది. ఖాళీ రోడ్డు, నిద్రమత్తు, కొన్నిసార్లు మద్యం. నేను చూసిన ప్రమాదంలో గాయపడిన వ్యక్తిని 108 అంబులెన్సు అప్పటికే తీసుకెళ్లింది. డ్రైవరు కానిస్టేబులు చెట్టు కొమ్మ ఒకటి విరిచి రోడ్డు మీది గాజు ముక్కలను పక్కకు ఊడ్చారు. వెనక నుంచి లారీలు వస్తున్నాయి. ఏఎస్సై టార్చి ఊపుతూ వాటిని పక్కకు పంపుతున్నారు. “పాలవాళ్లు, పేపరు వేసేవాళ్లు ఇంకాసేపటికి ఈ దారిలోనే వస్తారు, జారి పడతారు” అన్నారు ఆ కానిస్టేబులు. ఊడ్చమని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

రక్తం చూడలేనివాళ్లు వెళ్లకపోవడమే మంచిది. మధ్యలో మీకు కళ్లు తిరిగితే వాళ్ల పని ఆగిపోతుంది.

ప్రమాదంలో ఉన్నవారిని ఆసుపత్రికి చేర్చడానికి జంకేవాళ్లకు: మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షను మీకు రక్షణ ఇస్తుంది. 2019 సవరణతో వచ్చింది. సాయం చేసినందుకు మీ మీద కేసు పెట్టరు. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు.

ఏం వేసుకోవాలి? ఏం తీసుకెళ్లాలి?

ముదురు రంగు మామూలు బట్టలు, పరుగెత్తగలిగే బూట్లు, స్వెట్టరు. ఖాకీ రంగు వేసుకోవద్దు, మిమ్మల్ని పోలీసు అనుకుంటారు. మంచినీళ్లు, బిస్కెట్లు, గుర్తింపు కార్డు, చిన్న నోటు పుస్తకం. టీ డబ్బులు మీరే ఇవ్వండి.

ఫోటోలు, వీడియోలు తీయవచ్చా?

వద్దు. ఫోను జేబులోంచి తీయకండి.

కారణం చెబుతాను. గస్తీ బండి చేరేది ఎవరి జీవితంలోనైనా అధ్వానమైన గడియలోనే. ఏడుస్తున్న ఆడమనిషి, తాగి సొమ్మసిల్లిన తండ్రి, పట్టుబడిన పదహారేళ్ల పిల్లవాడు. వాళ్లు పోలీసును పిలిచారు. మిమ్మల్ని పిలవలేదు. మీరు అక్కడ పిలవని పేరంటానికి వచ్చినవారు, ఆ ఎరుకతో నిలబడాలి.

చట్టం కూడా ఇదే చెబుతోంది. లైంగిక నేరాల బాధితుల గుర్తింపును బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను కింద రెండేళ్ల దాకా జైలు. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షను, బాలల న్యాయ చట్టం 74వ సెక్షను ఉన్నాయి. పేరు రాయకపోయినా వీధి, బడి, తండ్రి ఉద్యోగం చెబితే గుర్తింపు బయటపెట్టినట్టే లెక్క. సోదాలు, స్వాధీనాలు జరిపేటప్పుడు ఆడియో, వీడియో తీయాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షను చెబుతోంది. ఆ పని పోలీసులది. ఈ రెండు సంహితలూ 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్నాయి.

పోలీసులతో పాటు ఇంటి లోపలికి వెళ్లవచ్చా?

గడప దాటకండి. పోలీసులు వెళ్లినా మీరు బయటే ఉండండి. అమెరికాలో మార్షల్స్ వారెంటుతో ఒక ఇంట్లోకి వెళుతూ పత్రికావాళ్లను వెంట తీసుకెళ్లారు. ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. విల్సన్ వర్సెస్ లేన్ కేసులో 1999లో ఆ కోర్టు తేల్చి చెప్పింది: వారెంటు పోలీసులకు ఇంట్లోకి దారి ఇస్తుంది, అమలుకు పనికిరాని మూడో మనిషికి ఇవ్వదు. మన సుప్రీంకోర్టు 2017లో పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. ఇంటి యజమాని స్వయంగా రమ్మన్నా నేనైతే వెళ్లను. ఆ గొడవ మధ్యలో ఇచ్చిన సమ్మతి మనస్ఫూర్తిగా ఇచ్చినది కాకపోవచ్చు.

నేను చూసిన ఘటనకు నన్ను సాక్షిగా పిలుస్తారా?

పిలవవచ్చు. సంగతి తెలిసిన ఎవరినైనా హాజరు కమ్మని దర్యాప్తు అధికారి నాగరిక సురక్షా సంహిత 179వ సెక్షను కింద రాతపూర్వకంగా అడగవచ్చు. తరువాత కోర్టుకు రావలసి ఉంటుంది. కేసులు ఏళ్లు నడుస్తాయి. ఉద్యోగం మారి హైదరాబాదు వెళ్లిపోయినా సమన్లు వస్తాయి. బండి ఎక్కేముందే దీనికి సిద్ధపడాలి. చూసింది చూసినట్టు చెప్పలేనివారు చూడటానికి వెళ్లకూడదు.

కన్నడం రాకపోతే ఇబ్బందా?

మాట్లాడుకోవడానికి పెద్దగా ఉండదు. బెంగళూరు పోలీసుల్లో కోలారు, చింతామణి, పావగడ, బళ్లారి వైపు నుంచి వచ్చినవారికి తెలుగు బాగా వస్తుంది. కానీ వైర్‌లెస్‌లో నడిచేది, కాగితం మీద రాసేది కన్నడం. కొద్దిగా అర్థం చేసుకోగలిగితే గానీ రాత్రంతా ఏం జరుగుతోందో మీకు తెలియదు.

అర్థం కాని కాగితం మీద మాత్రం ఎప్పుడూ సంతకం పెట్టవద్దు. మీ ఫిర్యాదును మీకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించమని అడగండి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. నేరం తమ పరిధిలో జరగలేదని స్టేషన్లో తిప్పి పంపకూడదు. ఎక్కడైనా ఫిర్యాదు తీసుకుని, సంబంధిత స్టేషన్‌కు పంపాలి. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. కలాసిపాళ్యలోనో మడివాళలోనో బస్సు దిగి, ఫోను పోయిందని చూసుకుని రెండు స్టేషన్ల మధ్య తిరిగే మనవాళ్లకు ఈ సంగతి తెలియాలి.

ఆడవాళ్లు వెళ్లవచ్చా?

అనుమతి దొరికితే వెళ్లవచ్చు. బండిలో మహిళా సిబ్బంది ఉండే పాళీ ఇవ్వమని లేఖలోనే అడగండి. 2017లో బెంగళూరులో మహిళల రక్షణ కోసం ‘పింక్ హొయ్సళ’ బండ్లను ప్రవేశపెట్టారు. అసలు కష్టం మరుగుదొడ్డి. రాత్రి రెండింటికి శుభ్రంగా ఉండి, తెరిచి ఉండే చోటు దొరకడం గగనం. పెట్రోలు బంకులు, ఆసుపత్రులు, స్టేషన్లే గతి. మహిళా కానిస్టేబుళ్లు దీనివల్ల నీళ్లు తాగడం తగ్గించుకుంటారు. ఇది విన్నప్పుడు నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు. రక్షణ కల్పించే మనిషి దాహం చంపుకోవలసి రావడం ఈ నగరానికి సిగ్గుచేటు.

సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా మహిళలను అరెస్టు చేయకూడదు. తప్పనిసరి అయితే మహిళా అధికారి ముందుగా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి.

రాత్రిపూట నడిచి వెళుతుంటే పోలీసులు ఆపవచ్చా? డబ్బు అడిగితే?

ఆపి ఎవరు, ఎక్కడికి అని అడగవచ్చు. మర్యాదగా జవాబు చెప్పండి. కానీ నిషేధాజ్ఞలు లేనప్పుడు రాత్రి రోడ్డు మీద నడవడం నేరం కాదు. 2022 డిసెంబరులో మాన్యతా టెక్ పార్కు దగ్గర ఇంటికి నడిచి వెళుతున్న దంపతులను ఇద్దరు పోలీసులు ఆపి, రాత్రి పదకొండు దాటాక తిరగకూడదని బెదిరించి, ఫోను ద్వారా డబ్బు కట్టించుకున్నారు. ఆ సంగతి సామాజిక మాధ్యమాల్లోకి వచ్చాక ఆ ఇద్దరిపై వేటు పడింది. అలా అడిగితే రసీదు అడగండి, యూనిఫాం మీది పేరు చదవండి, 112కు ఫోన్ చేయండి. అరెస్టు చేసే అధికారి పేరు కనిపించేలా పెట్టుకోవాలి, కారణం చెప్పాలి, మీవాళ్లకు కబురు పంపాలి, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు అరెస్టు విషయంలో కచ్చితమైన నియమాలు పెట్టింది. ఇప్పుడవి చట్టంలోనే ఉన్నాయి.

మద్యం తాగి నడిపేవారి సంగతి వేరు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే మొదటిసారికే పదివేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అక్కడ బతిమాలడం దండగ.

బండిలో ఉన్నప్పుడు పోలీసే తప్పు చేస్తుంటే నేనేం చేయాలి?

అందరూ అడగడానికి మొహమాటపడే ప్రశ్న, అన్నిటికన్నా అవసరమైన ప్రశ్న. మీకు చోటిచ్చిన మనిషి, మీతో టీ తాగిన మనిషి ఒక బీదవాడి మీద చేయి ఎత్తితే నోరు పెగలదు. ఆ రాత్రి వాళ్ల పక్కన కూర్చున్నంత మాత్రాన మీరు వాళ్ల మనిషి అయిపోలేదు. ఎదురు తిరగకండి, మధ్యలో దూరకండి. “సార్, వద్దు” అని ఒక్కమాట అనవచ్చు. బయటి మనిషి చూస్తున్నాడన్న స్పృహ చాలాసార్లు చేతిని ఆపుతుంది. ఆగకపోతే సమయం, చోటు, చూసింది రాసుకుని, మరుసటి రోజు మీకు అనుమతి ఇచ్చిన అధికారికే రాతపూర్వకంగా చెప్పండి. అక్కడ కదలిక లేకపోతే రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ ఉంది. 2006 నాటి ప్రకాశ్ సింగ్ తీర్పు పోలీసుల మీద ఫిర్యాదులకు ప్రత్యేక ప్రాధికార సంస్థలు ఉండాలని ఆదేశించింది, కర్ణాటకలో ఆ సంస్థ ఉంది. లంచం విషయమైతే లోకాయుక్త.

నేను వెళ్లిన రాత్రి అలాంటిది జరగలేదు. అందువల్ల ఎక్కడా జరగదని నేను చెప్పలేను.

వాళ్లు ఎంతసేపు పనిచేస్తారు? అలసిపోరా?

అలసిపోతారు. తెల్లవారుజామున నాలుగు గంటలప్పుడు డ్రైవరు కానిస్టేబులు కిటికీ దించి, సీసాలో నీళ్లు మొహం మీద చల్లుకుని మళ్లీ స్టీరింగ్ పట్టుకోవడం చూశాను. పిల్లలు బడికి వెళ్లే వేళకు ఆయన ఇంటికి చేరతారు, వాళ్లు తిరిగి వచ్చే వేళకు మళ్లీ బయలుదేరతారు. బందోబస్తు పడితే సెలవు రద్దు. జీతాలు, పని గంటలు, సెలవుల కోసం కర్ణాటక పోలీసులు 2016 జూన్ 4న మూకుమ్మడి సెలవు పెడతామని ప్రకటిస్తే రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. ఆ తరువాతే ఔరాద్కర్ కమిటీ సిఫారసులతో జీతాల సంగతి కొంత ముందుకు కదిలింది. కింది స్థాయి సిబ్బంది విశ్రాంతి గురించి మాట్లాడటం పోలీసులను వెనకేసుకు రావడం కాదు. నిద్రలేని మనిషికి సహనం తక్కువ. ఆ సహనం కరువైతే దెబ్బ తగిలేది రోడ్డు మీద దొరికిన బీదవాడికే.

ఏ రాత్రి, ఏ ప్రాంతం ఎంచుకోవాలి?

మామూలు వారం రోజు, మామూలు ప్రాంతం. డిసెంబరు 31న ఎం.జి.రోడ్డు, బ్రిగేడ్ రోడ్డు చూడాలని కొందరు ఉబలాటపడతారు. ఆ రాత్రి పోలీసులకు మీరు అడ్డు. కరగ ఉత్సవం రాత్రి కూడా అంతే. చైత్ర పౌర్ణమి రాత్రి ఊరేగింపు పాతపేట వీధుల్లో తెల్లవార్లూ సాగుతుంది. జనంలో ఒకరిగా వెళ్లి దణ్ణం పెట్టుకుని రండి. ఊరు మేలుకోవడం చూడాలంటే కె.ఆర్.మార్కెట్ పరిధి బాగుంటుంది. తెల్లవారకముందే పూల మూటలు దిగుతాయి, హమాలీల అరుపులు మొదలవుతాయి.

మా అమ్మాయి ఒంటరిగా ఉంటుంది. ఏ నంబర్లు గుర్తుపెట్టుకోవాలి?

112 ఒక్కటి చాలు. స్మార్ట్‌ఫోనులో పవర్ బటన్ మూడుసార్లు వెంటవెంటనే నొక్కినా దానికే వెళ్లే ఏర్పాటు ఉంది. మీ ఫోనులో అది పనిచేస్తుందో లేదో సెట్టింగుల్లో చూసుకోండి. బ్యాంకు డబ్బు మోసపోతే ఆలస్యం చేయకుండా 1930. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098. బెంగళూరులో పెద్దవాళ్ల కోసం 1090 ఉంది. ఒంటరిగా ఉండే తాతయ్యలు, అమ్మమ్మలు వేధింపులు ఎదురైతే దానికి చెప్పుకోవచ్చు. ఫోన్ చేశాక భయం తగ్గిపోయిందని లైను కట్ చేసి వెళ్లిపోకండి, బండి వచ్చేదాకా అక్కడే ఉండండి. ఇక అవసరం లేకపోతే ఆ మాటే చెప్పండి. అదే బండి కోసం ఇంకో వీధిలో ఎవరో ఎదురుచూస్తూ ఉండవచ్చు.

ఆ రాత్రి చూసిన మనిషి తరువాత మా వీధిలోనే ఎదురైతే?

పలకరించకండి. తనే గుర్తుపట్టి పలకరిస్తే మామూలుగా మాట్లాడండి, ఆ రాత్రి ప్రస్తావన తేకండి. రాసేటప్పుడు పేరు మార్చి ఊరుకోవద్దు. ఊరు, ఉద్యోగం, వయసు, ఇంటి రంగు, జరిగిన నెల అన్నీ మార్చండి. ఆ మనిషి సొంత అన్నదమ్ములు చదివినా పోల్చుకోలేరని నమ్మకం కుదిరాకే అచ్చుకు ఇవ్వండి.